మల్లె కత్తెర

ముప్పై ఏళ్ళు తర్లుపాడు దగ్గర మల్లెతోట చేశాను. డిసెంబరులో నీళ్ళు ఆపి, జనవరిలో పొదలను మోకాలెత్తుకు కత్తిరిస్తే ఉగాదికి విరగబూస్తాయి. చెట్టు గురించి నాకొకరు చెప్పాల్సిన పని లేదనుకున్నాను. ఆ పొగరే నా కొంప ముంచింది.

నా భార్య హలీమాబీకి షుగర్ ముదిరి ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను కూడా వచ్చే ఏడు ఎండాకాలం దాటి నిలుస్తుందన్న నమ్మకం లేదని ఒంగోలు డాక్టరు చెప్పేశాడు. ఆమెకు పెరడంటే ప్రాణం. గులాబీ ముల్లు గుచ్చుకుని వేలు పుండై మూడు నెలలు మానకపోతే, కోపం పట్టలేక గులాబీలన్నీ నేనే పీకి పారేశాను. అప్పుడు మా అమ్మాయి ముబాషిరా బెంగళూరు నర్సరీ నుంచి ముళ్ళు లేని బ్లాక్‌బెర్రీ మొక్క తెప్పించింది. కాయ ముందు ఎర్రగా ఉండి, పండితే నల్లగా నిగనిగలాడుతుందని ఫోన్లో చూపించింది. హలీమా ఫోన్ను కంటికి ఆనించుకుని చూసింది.

"చూపు ఉండంగనే ఒక్క పండు నా చేత్తో తెంపుకోవాల," అంది. ఎన్నో నెలల తర్వాత ఆమె ఏదైనా కావాలని అడగడం అదే మొదటిసారి.

ఏడాది తిరిగేసరికి ఎండ తగలకుండా కట్టిన షేడ్‌నెట్ కింద మొక్క తీగలు సాగి గోడెత్తు పెరిగింది. జనవరి రాగానే కత్తెర తీశాను.

"కొత్త రకం కదయ్యా, అమ్మాయిని అడిగి కోయరాదా?" అంది హలీమా గడపలోంచి.

"ఏందీ, తాతకు దగ్గులు నేర్పుతావా? చూస్తా ఉండు, రెండింతలు కాయిస్తా," అన్నాను.

తీగలన్నీ మోకాలెత్తుకు తెగ్గోశాను. ముళ్ళు లేవు కదా, కోసినవన్నీ మా పెరట్లో మేక ఆబగా తినేసింది.

ఫిబ్రవరిలో కొత్త చిగుళ్ళు చూసి మురిసిపోయాను. మార్చి వెళ్ళిపోయినా ఒక్క మొగ్గ లేదు. హలీమా రోజూ పొద్దున్నే ఆకుల్లోకి ముఖం పెట్టి వెతికేది. ఏప్రిల్‌కి వేళ్ళతో వెతకడం మొదలుపెట్టింది. అది చూడలేక ముబాషిరా నర్సరీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"పోయిన ఏడు పెరిగిన తీగలకే కాపు వస్తుందండీ. వాటిని కోసేశారా? అయితే ఇక వచ్చే ఏడే," అన్నాడు అవతలి మనిషి, చాలా మర్యాదగా.

"ఎంత పని చేసినావు నాయనా," అంది ముబాషిరా.

హలీమా తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలనే కోరుకున్నాను, కాస్త భారమైనా దిగేది. ఆమె తిట్టలేదు.

"వచ్చే ఏడు కాస్తదిలే హలీమా," అన్నాను. అంటుంటే నా నోరంటే నాకే అసహ్యం వేసింది.

ఆమె గోడ పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. గాలిలో తడిమి నా భుజం అందుకుంది.

"కాస్తదిలే. అప్పుడు నువ్వే చూసి చెప్పు, ఎంత నల్లగుందో."