బళ్లారి మిలిట్రీ

తిప్పయ్య మిలిట్రీవాడు కాదని రామాంజినమ్మ చెప్పని మనిషి ఊర్లో లేడు. నమ్మిన మనిషి కూడా లేడు.

ఎప్పుడో కుర్రతనంలో ఇల్లు విడిచి పోయినవాడు, వాళ్ల నాయన మంచాన పడ్డాడని తెలిసి పోయిన ఏడాది తిరిగొచ్చాడు. నెరిసిన మీసం మెలితిప్పుకుని, ఆకుపచ్చ చొక్కా వేసుకుని బస్సు దిగాడు. బళ్లారి మిలిట్రీలో పనిచేసి వచ్చాడని వారం తిరగకముందే ఊరంతా పాకింది. ఆగస్టు పదిహేనుకు బడిలో జెండా అతని చేతే ఎగరేయించారు. రామాంజినమ్మ తమ్ముడు నల్లప్ప నిజంగా సైన్యంలో పనిచేసి పింఛను తీసుకుంటున్నవాడు. ఆ రోజు అతని చేతికి చాక్లెట్ల పొట్లం ఇచ్చి పిల్లలకు పంచమన్నారు. పంచాడు కూడా. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అయినా అంతవరకూ ఓర్చుకుంది. ఇప్పుడు కొండ మీద కరెంటు తీసే గాలి ఫ్యాన్లు నాటిన కంపెనీవాళ్లు కాపలాకు మనిషి కావాలన్నారు. సైన్యం నుంచి వచ్చినవాడే కావాలన్నారు. ఉన్నది ఒక్క పని. సర్పంచ్ నారాయణ తిప్పయ్య పేరు చెప్పాడు. వాన లేక వేరుశనగకు ఊడలు దిగలేదు, కాయ పట్టలేదు. నల్లప్ప పింఛను కూతురు అంజలి నర్సింగు చదువుకే చాలడం లేదు. ఈ పని రాకపోతే హైదరాబాదు పోయి ఏదో అపార్టుమెంటుకు కాపలా ఉంటానని అతను అప్పుడే సంచి సర్దుకుంటున్నాడు.

రామాంజినమ్మకు తమ్ముణ్ణి రైలెక్కించడం కొత్త కాదు. సెలవు అయిపోయిన ప్రతిసారీ గుంతకల్లు స్టేషన్ దాకా పోయేది. ప్రతిసారీ ఇదే ఆఖరి చూపేమో అనుకుంటూ ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా పడుకునేది. మొగుణ్ణి బెంగళూరు ఆసుపత్రికి నవ్వుతూ పంపింది. ఆయన తిరిగి రాలేదు. ఇంకొకర్ని సాగనంపే శక్తి తనలో లేదని ఆమెకు తెలుసు. అందుకే పొద్దున్నే పోయి నారాయణ అరుగు మీద కూర్చుంది.

"వాడు మిలిట్రీ కాదప్పా."

"మళ్లీ మొదలుపెట్టినావా అక్కా?" నారాయణ ఫోన్ లోంచి తల ఎత్తలేదు.

"మిలిట్రీకి పోయేవాణ్ని ఎవరో ఒకరు రైలెక్కిస్తారు. నా తమ్మున్ని ఎవరు ఎక్కించినారని అడుగు, పదిమంది చెప్తారు. తిప్పయ్యను ఎక్కించినోళ్లు ఒక్కరన్నా ఉండారా ఈ ఊర్లో?"

"బస్సులో పోయింటాడులే."

"కాగితాలు చూసినావా?"

"పెట్టె రైల్లో పోయిందంట. పాపం, దాంట్లో మెడల్స్ గూడా ఉండెనంట."

"బస్సులో పోయినోని పెట్టె రైల్లో ఎట్ల పోయె?"

నారాయణ ఫోన్ పక్కన పెట్టాడు. తర్వాత నవ్వాడు. "నీతో పెట్టుకుంటే కోర్టు మాదిరి ఉంటాది. సోమారం కంపెనీ మనిషి వస్తాడు. నల్లప్పకు వేరే ఏదన్నా చూద్దాంలే, పో అక్కా."

ఇంటికొచ్చేసరికి నల్లప్ప సంచికి తెగిపోయిన జిప్పు కుట్టుకుంటున్నాడు.

"నువ్వన్నా నోరు తెరవరాదా? సైన్యంలో ఉన్నోడివి నువ్వు. నాలుగు మాటలు అడిగితే వాడు నీళ్లు నమలడా?"

"అడిగితే ఏమొస్తాదక్కా."

"ఉద్యోగం వస్తాది."

"ఊరంతా నాది కుళ్లు అంటారు. ఇడ్సిపెట్టు."

ఇడిసిపెట్టడమే ఇతనికి తెలిసిన విద్య. పొలం గట్టు పక్కవాడు జరిపితే ఇడిసిపెట్టాడు. జెండా ఇడిసిపెట్టాడు. ఇప్పుడు ఊరినే ఇడిసిపెడతానంటున్నాడు. తిట్టి తిట్టి ఆమెకు నోరు నొప్పి పుట్టింది కానీ, అతను సూదిలో దారం ఎక్కించుకుంటూనే ఉన్నాడు.

ఆ కోపంలోనే నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఎలిజబెత్‌తో మొరపెట్టుకుంది. ఎలిజబెత్ బళ్లారిలో జీన్సు ప్యాంట్లు కుట్టే పనికి చాలా కాలం పోయివచ్చిన మనిషి.

"ఆయప్ప మంచి పనోడేలే వదినా," అంది ఎలిజబెత్ బిందె కడుక్కుంటూ. "నాకు ఎన్నిసార్లు బోటి కూర వడ్డించినాడో. రాగిముద్ద గూడా గట్టిగా, ఉడుకుడుకుగా పెడతా ఉండె."

"ఎవరు?"

"తిప్పయ్య. బళ్లారి మిలిట్రీలో."

రామాంజినమ్మ చేతిలోని బిందె ట్యాంకర్‌కు తగిలి మోగింది. మాంసం వండిపెట్టే హోటల్‌ను మిలిట్రీ హోటల్ అనడం ఈ ప్రాంతంలో ఎవరికి తెలియదు? ఉరవకొండలో ఒకటి ఉంది, అనంతపురంలో లెక్కలేనన్ని ఉన్నాయి. ఇన్నాళ్లూ ఒక్కరికీ తట్టలేదు. తనకూ తట్టలేదు. ఎలిజబెత్ మీద వచ్చిన కోపంలో సగం తన మీదే.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?"

"ఏం చెప్పేది? ఆయప్ప మిలిట్రీలో చేసినాడని ఊరంతా అంటాండె. నాకూ తెలుసు కదా, నువ్వే కుళ్లుతో కాదంటాండావనుకుంటి. వంటోనికి ఇంత మర్యాద ఎందుకో, ఆ బోటి కూరకేమో అనుకుంటి. జెండా ఎగరేసినప్పుడు మాత్రం కొంచెం అనుమానం వచ్చింది."

నీళ్లు పట్టుకోకుండానే రామాంజినమ్మ తిప్పయ్య ఇంటికి నడిచింది. అతను గోడకు వేలాడదీసిన అద్దంలో చూసుకుంటూ మీసం కత్తిరించుకుంటున్నాడు.

"బోటి కూర ఎట్ల చేస్తావు తిప్పయ్యా?" అంది గడపలో నిలబడి.

కత్తెర ఆగింది. అతను అద్దంలోంచే ఆమెను చూశాడు. తర్వాత వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నేను అబద్ధం చెప్పలేదక్కా. నాయన మంచం మీద ఉండె. ఇన్నేండ్లు యాడుంటివిరా అన్నె. బళ్లారి మిలిట్రీలో పని చేస్తాంటి నాయనా అంటి. అంతే. ఆయనకు నిజం మిలిట్రీ అనిపించె. చూడొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పె. పోయే మనిషి నవ్వుతా ఉంటే కాదని ఎట్ల చెప్పేది?"

"ఆయన పోయినంక చెప్పొచ్చు కదా."

"చెప్తామని లేస్తే మెడలో దండేసిరి."

ఆమెకు జాలి కలిగింది. జాలి కలిగినందుకు మళ్లీ విసుగొచ్చింది. పోయేవాళ్ల మంచం దగ్గర మనిషి ఏం మాట్లాడతాడో ఆమెకు తెలియనిది కాదు. కానీ చచ్చిపోయిన నాయన కొండ మీద కాపలా పని అడగలేదు కదా.

"మెడల్స్ గూడా మీ నాయనే చెప్పినాడా? రైల్లో పోయిన పెట్టె?"

అతను తల వంచుకున్నాడు. "సర్పంచ్ గుచ్చి గుచ్చి అడిగె."

"ఇను. ఆ పని నీకొద్దని చెప్పాల. ఇకమీదట బడి పిల్లోళ్లతో సెల్యూట్ కొట్టించుకోగూడదు, జెండా తాడు ముట్టుకోగూడదు. ఆ తాడు పట్టుకునే దానికి నా తమ్ముడు ఎన్ని పండగలకు ఇంటికి రాలేదో నీకు తెల్దు. చెప్పకపోతే నేను చెప్తా, ఎలిజబెత్‌ను పక్కన పెట్టుకుని చెప్తా."

"పని ఎందుకొద్దంటే ఏం చెప్పాలక్కా?"

"ఏమన్నా చెప్పుకో," అని ఆమె విసురుగా వచ్చేసింది.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని సోమవారం తెలిసొచ్చింది. కంపెనీ మనిషి ముందు, నారాయణ ముందు, చేరిన జనం ముందు తిప్పయ్య లేచి చేతులు జోడించాడట. తాను ఒంటివాణ్ని, నల్లప్పకు చదువుకునే ఆడబిడ్డ ఉంది, ఆ పని నల్లప్పకే ఇవ్వండి అన్నాడట. మిలిట్రీ మనిషి గుణమే అంత అని నారాయణ కండ్లు తుడుచుకున్నాడట. జెండా ఎగరేసే గౌరవం కూడా నల్లప్పకే అన్నప్పుడు జనం చప్పట్లు కొట్టారట. బడి గోడ మీద తిప్పయ్య త్యాగం గురించి నాలుగు మాటలు రాయిస్తామని కూడా అనుకున్నారట.

ఇదంతా నల్లప్పే వచ్చి చెప్పాడు. వింటున్నంతసేపూ ఆమె చేటలోని బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.

"వాడు హోటల్లో వంటోడురా."

"తెలుసక్కా."

ఆమె చేట కింద పెట్టింది. "ఎప్పుడు తెలుసు?"

"మొదట్నుంచీ. ఏ రెజిమెంటు అంటే బళ్లారి అన్నె. అట్లాంటి రెజిమెంటే లేదు, దానికే తెలిసిపాయె."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"పోయే ముందురోజు వాళ్ల నాయన నా చేయి పట్టుకున్యాడు. నా కొడుకు గూడా నీ మాదిరే అని, వాణ్ని చూసుకో నల్లప్పా అని చెప్పె. ఆ చేయి పట్టుకున్నంక ఎట్ల చెప్పేదక్కా?"

"అందుకని నువ్వు హైదరాబాదు పోతాంటివి?"

అతను చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పడేశాడు.

"చచ్చిపోయిన ముసలాయన మాట నీకు గుర్తుండాది. బతికుండే అక్క గుర్తు లేదు. నిన్ను రైలెక్కించి వచ్చిన ప్రతిసారీ నేనేమయిపోతాంటినో నీకు ఎవరూ చెప్పలేదా? చేయి పట్టుకుని చెప్తేనే ఇంటావా నువ్వు?"

నల్లప్ప ఆమె మొహం చూశాడు. అక్క ఈ మాట ఇంతవరకూ ఎప్పుడూ అనలేదు. మూల ఉన్న సంచి తీసి అందులోని బట్టలు ఒక్కొక్కటే దండెం మీద వేయసాగాడు. మడతలు కూడా సరిగ్గా విప్పలేదు. ఆమె లేచి అతని చేతిలోంచి చొక్కా లాక్కుని దులిపి వేసింది.

"పొద్దెక్కుతాంది. కొండ మీద కంపెనీ మనిషి చూస్తాంటాడేమో, పో."

"పోతాండా." గడప దగ్గర చెప్పులేసుకుంటూ అతను ఆగాడు. "అక్కా, తిప్పయ్యను మాత్రం ఏమనొద్దు. మంచోడే పాపం."

"వాణ్ని ఏమనాలో రేపు చూసుకుంటా. నిన్ను తిట్టేది ఇంకా అయిపోలేదు. సాయంత్రం రా, మిగిలింది తిడతా."