మడి తొట్టి

నేను ఒక గాజు తొట్టిని. పొడవు రెండడుగులు, వెడల్పూ ఎత్తూ అడుగేసి. విశాఖపట్నం అల్లిపురంలో, నగల దుకాణం షోకేసు కోసం కోయగా మిగిలిన ముక్కలతో పుట్టాను. అద్దాలాయన నన్ను ఎవరి కోసమూ చెయ్యలేదు. ముక్కలు పారెయ్యడానికి మనసొప్పక, ఐదింటిని అంటించి పక్కన పెట్టాడు. మనుషుల్లోనూ చాలామంది ఇలాగే పుడతారని తర్వాత విన్నాను.

మొదట నన్ను కొన్నవాడు పైడయ్య. రంగు చేపలమ్మేవాడు. సాయంత్రం రైలుకి వచ్చిన చేపల్ని నాలో వంచేవాడు. పొద్దున్నే కొనేవాళ్ల సంచుల్లోకి తీసేవాడు. జబ్బుదో మంచిదో తెలిసేలోపు చేప వెళ్లిపోయేది. ఎవరైనా తిరిగొచ్చి అడిగితే, "మా కాడున్నంతసేపు బాగానే ఉంది కదమ్మా" అనేవాడు. అది నిజమే.

ఒకరోజు గాలి పంపు కొనడానికి హైమవతి అనే ఆవిడ వచ్చింది. కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. బల్ల కింద గీతలు పడి ఉన్న నన్ను చూసి, ఇది ఇస్తారా అని అడిగింది. ఇన్నాళ్లకి ఒకరు అడిగారన్న ఆనందంలో పైడయ్య నన్ను ఆటోదాకా తనే మోసుకొచ్చాడు.

పెదవాల్తేరులో హైమ వాళ్లది మూడో అంతస్తు. హాల్లో నాలుగడుగుల సముద్రం, అంటే ఉప్పునీళ్ల తొట్టి, ఉంది. రాళ్లు, పగడాలు, వాటి మధ్య తెల్లచారల నారింజరంగు చేపలు రెండు, ఇంకో రెండు చిన్నవి. ఆ నారింజ చేపల జంటని హైమ తన మొదటి జీతంతో కొనుక్కుంది. పెళ్లికన్నా ముందునుంచీ ఉన్నాయవి. వచ్చినవాళ్లంతా ఆ సముద్రం ముందు నిలబడి ఫొటోలు తీసుకునేవారు. నన్ను మాత్రం వంటింటి వెనక బాల్కనీలో, వాషింగ్ మెషీను పక్కన పెట్టారు. నాలో ఒక స్పాంజి, ఒక హీటరు, చేప దాక్కోవడానికి ఒక ప్లంబింగు గొట్టం ముక్క. అంతే.

నా పని ఇది. కొత్తగా ఏ చేప కొన్నా ముందు ఆరు వారాలు నాలో ఉండాలి. సముద్రపు చేపలకి తెల్లమచ్చల జబ్బొకటుంది. ఒంటిమీద ఉప్పురవ్వలాగా కనబడుతుంది, రాలిపోతుంది, నీటి అడుగున చేరి వందలుగా పెరిగి మళ్లీ చేపలమీద పడుతుంది. తడి వల చాలు, ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి పోవడానికి. అందుకని నా వల వేరు, మగ్గు వేరు, తువ్వాలు వేరు. నాలో చెయ్యి పెట్టినవాళ్లు మోచేతిదాకా కడుక్కుని, తుడుచుకుని, ఆరాకే హాల్లో తొట్టి జోలికి వెళ్లాలి.

ఈ నియమాలన్నీ హైమ తన భర్త ఫణీంద్రకి చెబుతోంది. అతను బీమా ఆఫీసులో పనిచేస్తాడు, దేనికైనా తల ఊపుతాడు. వంటింటి గుమ్మంలో అతని తల్లి భ్రమరాంబగారు నిలబడి వింటున్నారు.

అత్తాకోడళ్లకి అప్పటికి పెద్దగా మాటల్లేవు. కారణం నా నెత్తిమీదే ఉంది. ఆ బాల్కనీలో, చేతికందనంత ఎత్తున, ఆవిడ మడిచీర ఆరే దండెం. పూజయ్యేదాకా ఆవిడని ఎవరూ తాకకూడదు. కాలేజీకి టైమైపోతున్న హైమ పొరపాటున తగిలితే ఆవిడ మళ్లీ స్నానం చేసేవారు, ఏమీ అనకుండా. ఏమైనా అనుంటే బాగుండేదని హైమ ఒకసారి ఫోన్లో ఎవరితోనో అంది.

భ్రమరాంబగారు అంతా విని, "అంటే మడేగా" అన్నారు.

కాదని చెప్పడానికి హైమ చాలాసేపు ప్రయత్నించింది. సూక్ష్మజీవులు, వాటి జీవితచక్రం, తడి ద్వారా వ్యాప్తి. ఆవిడ ఓపికగా విన్నారు.

"అదేనే అమ్మాయ్, నేనన్నదీ."

ఆ రోజునుంచి నా పేరు మడి తొట్టి. కొన్నాళ్లకి హైమ కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది.

ఆ ఏడాది హాల్లో తొట్టికి పచ్చనాచు పట్టింది. రాళ్లమీద జుట్టులా పెరిగి పగడాల్ని కప్పేసేది. హైమ పాత టూత్‌బ్రష్షుతో తోమేది, దీపాలు తగ్గించేది, నీళ్లు మార్చి రకరకాల పరీక్షలు చేసేది. వారం తిరక్కుండా నాచు మళ్లీ వచ్చేది. కారణం నాకు తెలుసు. మేత డబ్బా నా పక్క అరలోనే ఉండేది. పొద్దున్నే భ్రమరాంబగారు, నోరులేని జీవాలు కదా అని, ఒక చిటికెడు తీసుకెళ్లేవారు. ఆఫీసునుంచి రాగానే ఫణి ఒక చిటికెడు. లెక్కప్రకారం వేసే హైమ, వెళ్తూ వెళ్తూ వెనక్కొచ్చి ఇంకో చిటికెడు. తామొక్కరే జాలిపడుతున్నామని ముగ్గురి నమ్మకమూను. చేపలు తినగా మిగిలిందంతా నాచు తినేది.

అలాంటి రోజుల్లో నాలోకి ఒక కొత్త చేప వచ్చింది. లేత నీలంరంగులో వెడల్పుగా, చిన్న పళ్లెంలా ఉండేది. మూడు వారాలైనా ఒంటిమీద ఒక్క చుక్క లేదు. చూసినకొద్దీ చూడాలనిపించేది. అదే దాని ఖర్మ.

హైమ పేపర్లు దిద్దడానికి విజయనగరం వెళ్లిన రోజు ఫణి ఆఫీసు స్నేహితులు కాఫీకొచ్చారు. నీలం చేప గురించి అతను ముందే గొప్పలు చెప్పుకున్నాడు. బాల్కనీలో వాషింగ్ మెషీను పక్కన చూపించడం నామోషీ అనిపించింది కాబోలు. కూరలు కడిగే ప్లాస్టిక్ బుట్టలోకి చేపని తీసి, ఆ బుట్టని హాల్లో తొట్టి అంచుకి తగిలించబోయాడు.

తల్లి అడ్డం వచ్చారు. వద్దన్నారు.

"నీళ్లలో వదలడం లేదమ్మా, బుట్టలోనే ఉంటుంది."

"బుట్టకి చిల్లులున్నాయి కదురా."

"చిల్లుల్లోంచి చేప రాదులే."

స్నేహితులు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. హైమ తిరిగొచ్చేసరికి చేప నాలోనే ఉంది, బుట్టలో బెండకాయలున్నాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర భ్రమరాంబగారికి కొడుకు చేసిన పని బయటపెట్టడానికి నోరు రాలేదనుకుంటాను. బెండకాయ కూర మాత్రం ఆవిడ ముట్టుకోలేదు.

వారం దాటాక హాల్లో చేపలు రాళ్లకి ఒళ్లు రాసుకోవడం మొదలుపెట్టాయి. మర్నాటికి రెక్కలమీద తెల్లరవ్వలు కనబడ్డాయి. నాలో నీలం చేపకీ అవే తేలాయి. అది రెండు రోజులు గొట్టం పక్కన రొప్పుతూ ఉండి చచ్చిపోయింది.

హైమ నా ముందు స్టూలు వేసుకుని కూచుంది. తన వల్లే జరిగిందనుకుంది. ఏ రోజు నన్ను శుభ్రం చేసింది, తర్వాత చేతులు కడిగిందా, తువ్వాలు మారిందా అని పైకే అనుకుంటూ, రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. భోజనానికి లేవలేదు. ఫణి వచ్చి, నీ తప్పేముంది, బాధపడకు అని ఓదార్చాడు. ఆ మాట అనడానికి అతనికన్నా అర్హులు ఆ ఇంట్లో లేరు.

మర్నాడు పొద్దున భ్రమరాంబగారు మడికట్టుకుని, పూజ మొదలుపెట్టకుండా, కొడుకుని బాల్కనీలోకి పిలిచారు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఇప్పుడు చెబితే చచ్చిన చేప బతుకుతుందా అన్నాడు ఫణి.

"ఆ పిల్ల తన చేతులు చూసుకుంటోందిరా."

అతను వెళ్లి చెప్పాడు. అరుపులు వినబడతాయని ఎదురుచూశాను. రాలేదు. ఎంతసేపు ఉంచావని మాత్రం హైమ అడిగింది. కాఫీలు తాగేంతసేపు, అన్నాడు. తర్వాత చాలా రోజులు అతనితో చేపల సంగతి తప్ప ఏమీ మాట్లాడలేదు. అదృష్టవశాత్తూ చేపల సంగతులే బోలెడున్నాయి.

హాల్లో చేపలన్నిటినీ పట్టి నాలో వేసి మందు కలపాలి. ఆ తొట్టి రెండున్నర నెలలు చేపల్లేకుండా ఉంటే తప్ప జబ్బు చావదు. చేపని రాళ్లమధ్య పట్టడం తేలిక కాదు. ఫణి బకెట్లతో నీళ్లు తోడాడు, రాళ్లు ఒక్కొక్కటే ఎత్తాడు. హైమ వలతో మూడింటిని పట్టింది. నారింజ జంటలో ఆడది మాత్రం పెద్ద రాయికింద సందులో దూరింది. అక్కడికి వల పట్టదు, హైమ చెయ్యి పట్టదు. రాయి కదిపితే నలిగిపోతుంది.

భ్రమరాంబగారు పూజ ముగించుకుని వచ్చారు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చేపని తాకలేదు. చేపల బజారు వీధిలోంచి నడిచి వెళ్లింది కూడా లేదు. కొంగు బిగించి, బంగారు గాజులు పైకి తోసుకుని, సన్నటి చెయ్యి సందులోకి పెట్టారు. చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. తర్వాత దోసిలి మూసుకుని, నీళ్లు కారుతూ, హాలంతా తడుపుతూ నా దగ్గరికొచ్చి చేపని వదిలారు.

స్నానానికి వెళ్తారనుకున్నాను. హైమా అదే అనుకున్నట్టుంది, దారి ఇచ్చింది.

"ఇంకెన్నున్నాయే?" అన్నారావిడ.

అదే ఆఖరిది.

మందు చేదో ఏమో నాకు తెలియదు. నాలుగింటిలో రెండు దక్కలేదు. పోయినవాటిలో నారింజ జంటలో మగది ఒకటి. మిగిలిన ఆడది మేత మానేసి గొట్టంలోనే ఉండిపోయింది. మధ్యాహ్నాలు అత్తాకోడళ్లిద్దరూ నా ముందు కూచునేవారు. కొన్నాళ్లకి అదే తింటుందిలెండి, అనేది హైమ.

ఒకరోజు పొద్దున్నే భ్రమరాంబగారు మడిచీరలోనే వచ్చి, "దానికింకోదాన్ని తీసుకురా" అన్నారు.

"ఇప్పుడే ఎందుకత్తయ్యగారూ? కొన్నాళ్లు పోనివ్వండి."

"కొన్నాళ్లు, కొన్నాళ్లు అంటూ ఏళ్లయిపోతాయమ్మాయ్."

ఆవిడకి ముప్ఫయ్యెనిమిదో ఏట భర్త పోయాడు. హైమ ఆవిడ చెయ్యి పట్టుకుంది. పూజ ఇంకా కాలేదు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఈలోగా హాల్లో ఖాళీ తొట్టిలో నాచు తగ్గుముఖం పట్టింది. ఎవరూ తోమకుండానే రాళ్లు తెల్లబడ్డాయి. చేపల్లేవు కాబట్టి మేత వేసే అవకాశం ఎవరికీ లేదు. హైమ ఆ అద్దం కేసి చూసి, బాల్కనీలోకొచ్చి మేత డబ్బా ఎత్తి ఊపి చూసింది. ఎవరినైనా అడుగుతుందనుకున్నాను. అడిగితే తన చిటికెడు సంగతీ చెప్పాల్సి వస్తుంది. డబ్బా యథాస్థానంలో పెట్టేసింది.

గడువు తీరాక ఆడచేపా, మిగిలిన చిన్న చేపా హాల్లోకి వెళ్లిపోయాయి, ఆడది మేత తింటోందని విన్నాను. ఆడదానికి జోడీ వచ్చే వారం వస్తుంది. వస్తే ముందు నాలోకే. అందుకని నన్ను కడిగి, జబ్బు అంటూ ఏదైనా ఉంటే చావాలని, ఎండలో బోర్లించారు. ఎండితే ఇంకేమీ మిగలదని హైమ అత్తగారికి వివరించింది.

ఇవాళ పొద్దున నా వీపుమీద చల్లగా ఏదో తగిలింది. భ్రమరాంబగారు మడిచీరలో, నా అడుగుమీద పాత పంచె పరిచి, వరసగా గుమ్మడి వడియాలు పెడుతున్నారు. హైమ గుమ్మంలో ఆగిపోయి, "చేపల తొట్టి మీదా అత్తయ్యగారూ?" అంది.

"ఇంట్లో ఇంతకన్నా మడిగా ఉన్నదేదీ కనబడలేదే" అన్నారావిడ, పిండి గిన్నె ఇటు జరపమంటూ.

హైమ చేతులు కడుక్కుని వచ్చి ఆ పక్క వరస మొదలుపెట్టింది. ఎండ బాగా కాస్తోంది. సాయంత్రానికి వడియాలూ నేనూ ఎండిపోతాం.