తాళంచెవి లేని లింకు

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఐదు నిమిషాలకు చేతన్ చిత్రాన్నం ముద్దను నోటిదాకా తెచ్చి అక్కడే ఆపేశాడు.

ఎదురుగా స్క్రీన్ మీద అంకెలు మెట్లెక్కుతున్నాయి. 48371. 48372. 48373. ఒకే ఫోను, ఒకదాని తర్వాత ఒకటిగా లింకులు తెరుస్తోంది. ఇంట్లోవాళ్ళు అలా తెరవరు. తల్లికి తన కూతురి బస్సు ఒక్కటే కావాలి. వీధిలో ప్రతి గడపా తొక్కి లోపలికి తొంగిచూసేవాడి పని వేరే ఉంటుంది.

48377 దగ్గర ఆ ఫోను ఆగిపోయింది. మళ్ళీ అదే లింకు తెరిచింది. అర నిమిషం తర్వాత మళ్ళీ.

వాడికి కావలసింది దొరికింది.

చేతన్ ముద్దను డబ్బాలో పడేసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "శామ్యూల్ సార్, బిరీన రాండి ఇట్ల!"

ఎలక్ట్రానిక్ సిటీలో మూడో అంతస్తులో తొమ్మిది మంది పనిచేసే చిన్న కంపెనీ అది. బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగిన ఆడవాళ్ళను బస్సులు వాళ్ళ గదులకు చేరుస్తాయి. ఎవరి ప్రయాణానికి వాళ్ళకు ఒక లింకు పుడుతుంది. పొద్దున్నే అది ఆ అమ్మాయి ఫోనుకు వెళ్తుంది. ఆమె దాన్ని తన మనుషులకు పంపుకుంటుంది. తెరిస్తే ఆమె పేరు, బస్సు నంబరు, దిగే స్టాపు కనిపిస్తాయి. బస్సు కదిలాక మ్యాపు మీద ఒక నీలం చుక్క కదులుతుంది. ఆ చుక్కను చూసుకుంటూ ఎక్కడో ఒక తల్లి అన్నం వేడి చేస్తుంది.

ఆ లింకును విడగొట్టి చదివే కోడ్ రాసింది చేతనే. లింకులో ప్రశ్న గుర్తుకు ముందు ప్రయాణం నంబరు ఉంటుంది. అది ఇంటి నంబరు లాంటిది, ఎవరైనా ఊహించవచ్చు. గుర్తు తర్వాత ఇరవై నాలుగు అక్షరాల తాళంచెవి ఉంటుంది. దాన్ని ఊహించడం ఎవరి తరమూ కాదు. రెండూ సరిపోతేనే తలుపు తెరుచుకోవాలి.

ఈ ఫోను తాళంచెవి లేకుండా వస్తోంది. అయినా తలుపు తెరుచుకుంటోంది.

ఎందుకు తెరుచుకుంటోందో చేతన్‌కు తెలుసు. రెండు నెలల కిందట హెబ్బగోడి నుంచి ఒక పెద్దావిడ ఆఫీసుకు ఫోన్ చేసింది. పేరు చెప్పింది కానీ అతను గుర్తుపెట్టుకోలేదు.

"మా ఇంట్లో బాడుగకుండే పిల్ల దినామూ లింకు పంపిస్తాదప్పా. నాది పాత పోను. మెసేజీ రెండు తుంటలుగా వస్తాది. నొక్కితే లింకు చెల్లదు అంటాది. బస్సు యాడుండాదో తెలీకుంటే నేను మా మరిది ఆటో తీసుకోని స్టాపు కాడికి ఎప్పుడు పోయేది?"

"కొంచెం ముందే పోతే సరిపోతాది కదమ్మా?"

"ముందే పోతే మా మరిది ఎగురుతాడు, బాడుగలు పోతాయని. నువ్వొచ్చి సముదాయిస్తావా వాణ్ణి?"

చేతన్‌కు నవ్వొచ్చింది. ఆనేకల్‌లో మగ్గం ముందు కూర్చుని తన అమ్మ మాట్లాడినట్టే ఉంది. "ఎండలో నిలబడద్దులే అమ్మా. సాయంత్రానికి సరిచేస్తా."

"ఏ సాయంత్రానికప్పా? కరెంటోళ్ళూ ఇట్లే చెప్తారు."

అతను మాట తప్పలేదు. ఆ సాయంత్రమే ఒక్క వరస కోడ్ రాశాడు. లింకు తోక తెగిపోయి తాళంచెవి లేకుండా వస్తే, నంబరు చూసి లోపలికి రానివ్వాలి. పక్కన 'తాత్కాలికం' అని, తన పేరూ తేదీ రాసుకున్నాడు. ఆ తాత్కాలికానికి ఇవాళ రెండు నెలల పదకొండు రోజులు.

శామ్యూల్ కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. కంపెనీ ఆయనదే. "ఏంటి, ఎవరైనా టైంపాస్‌కి ఆడుకుంటున్నారా?"

"టైంపాస్ కాదు సార్. ఈ ఫోను ఈపొద్దు మొదట తెరిచింది చూడండి. ఏడు నెలల పాత లింకు. దానికి తాళంచెవి కరెక్టుగా ఉండాది."

ఏడు నెలల కిందటి ఆ ప్రయాణం రాధిక అనే అమ్మాయిది. ఇంట్లోవాళ్ళ వివరాల్లో అప్పుడు 'భర్త, నరేశ్' అని ఉంది. ఇప్పుడక్కడ ఖాళీ. కింద ఫ్యాక్టరీ వాళ్ళు చేర్చిన రెండు వాక్యాలున్నాయి. భర్త వల్ల ప్రాణభయం ఉంది. గది మారింది, కొత్త చోటు ఎవరికీ చెప్పకూడదు.

48377 కూడా రాధికదే. బస్సు 14. దిగేది హెబ్బగోడి, నీళ్ళ ట్యాంకు స్టాపు.

"కలిసున్నప్పుడు ఆమె పంపిన లింకు దాచిపెట్టుకున్నాడు సార్," అన్నాడు చేతన్. "తోక తీసేసి, నంబర్లు మార్చుకుంటా పోయినాడు. పేరు కనిపించేదాకా."

"షిఫ్ట్ ఎప్పుడు అయిపోతుంది?"

"రెండుకు. రెండూ ఇరవై ఐదుకు స్టాపులో దిగుతాది."

"క్లోజ్ చెయ్. ముందు ఆ హోల్ క్లోజ్ చెయ్."

చేతన్ వేళ్ళు అప్పటికే కదులుతున్నాయి. మూసే ముందు, 48377ను తెరిచిన ఫోన్ల జాబితాలో కళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఇంకో ఫోను కూడా తాళంచెవి లేకుండా ఆ లింకును ఒకసారి తెరిచింది. వాడిదే రెండో ఫోను అనుకున్నాడు.

"దీనివల్ల వేరే ఎవరికైనా ప్రాబ్లమ్ అవుతుందా?" శామ్యూల్ అడిగాడు.

"ఎవరికీ కాదు సార్. తాళంచెవి లేకుండా వచ్చేవాడు దొంగే."

ఒంటిగంటా యాభై రెండుకు తలుపు మూతపడింది. నరేశ్ ఫోను మళ్ళీ వచ్చింది, లింకు చెల్లదు అనిపించుకుంది. మళ్ళీ వచ్చింది. తర్వాత రావడం మానేసింది. చూడవలసింది చూశాక వాడికి ఇక లింకుతో పని లేదు.

శామ్యూల్ పోలీసులకు ఫోన్ చేశాడు. చేతన్ ఫ్యాక్టరీ గేటుకు చేశాడు. సెక్యూరిటీ తిమ్మరాయప్ప ఎత్తాడు.

"రాధికనా? మా కాడ ఆరుమంది రాధికలుండారు. ఏ లైనో చెప్పప్పా."

"లైను తెలీదన్నా. ఆ పిల్ల ప్రాణం మీదకొచ్చింది. బస్సెక్కొద్దని చెప్పు."

"పోన్లన్నీ లాకర్లో ఉండాయి. రెండు కొట్టినాక ఇస్తాం. అప్పుడు నువ్వే చెప్పుకో."

"నువ్వు గేటు కాడ ఒక్క మాట అరవరాదా?"

"మూడొందల మంది ఒక్కసారి బయట పడతారప్పా. నా అరుపు నాకే వినపడదు. సరేలే, చూస్తా."

బస్సు 14 డ్రైవర్ ఆవులప్ప ఫోను మోగి మోగి ఆగింది. రెండు దాటి బస్సు కదిలితే ఇక మోగనే మోగదు. బండి నడుస్తున్నంతసేపూ డ్రైవర్ ఫోను నోరు మూసే ఏర్పాటు చేసింది కూడా వీళ్ళ యాపే. ప్రమాదాలు తగ్గాయని పోయిన ఏడాది అందరూ చప్పట్లు కొట్టారు.

"నేను స్టాపుకు పోతా సార్," అని చేతన్ స్కూటర్ తాళం అందుకున్నాడు.

హోసూరు రోడ్డు మీద మొదటి కిలోమీటరు రెండు నిమిషాల్లో దాటాడు. తర్వాత వీరసంద్ర దగ్గర ఇటుకల లారీ ఒకటి అడ్డంగా ఒరిగి, రోడ్డంతా బిగుసుకుపోయింది. రెండూ ఎనిమిది. పక్కకు తీసి రాధికకు ఫోన్ చేశాడు. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. కట్ చేసింది. ఏడు నెలలుగా తెలియని నంబర్లు ఎత్తకుండానే ఆ అమ్మాయి బతుకు నిలబెట్టుకుంది. ఇప్పుడెందుకు ఎత్తుతుంది?

'నరేశ్ స్టాపులో ఉంటాడు, దిగవద్దు' అని మెసేజ్ పెట్టాడు. అది చేరింది. చదివిన గుర్తు రాలేదు.

ఫుట్‌పాత్ మీదకు ఎక్కించి, జనం తిట్లు తింటూ, గజం గజం ముందుకు తోశాడు. పోలీసు జీపు కూడా వెనకెక్కడో ఇదే ఇటుకల వెనక చిక్కి, సైరన్ మోగిస్తోంది. రెండూ పద్దెనిమిది. పక్కన ఒక ఆటో ఆగి ఉంది. వెనక సీట్లో ఒక పెద్దావిడ ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టి, ఏదో నొక్కుతోంది.

ఆమె ఎవరో చేతన్‌కు తెలియదు. కానీ రెండు నెలల కిందట ఫోన్ చేసిన పెద్దావిడ గుర్తొచ్చింది.

పాత ఫోను. మరిది ఆటో. హెబ్బగోడి. తాళంచెవి తెగిన లింకు.

రెండో ఫోను నరేశ్‌ది కాదు.

"సార్!" శామ్యూల్‌కు ఫోన్ చేసి అరిచాడు. "రెండు నెలల కిందటి కంప్లైంట్లు తీయండి. హెబ్బగోడి నుంచి ఒకామె చేసింది, లింకు సగమే వస్తా ఉండాదని. ఆమె నంబరు కావల్ల!"

"ఇప్పుడదెందుకు?"

"ఆమె దినామూ ఆటోతో స్టాపుకు పోతాది సార్. బస్సు మెట్టు దిగుతూనే పిల్లను ఆటోలో ఎక్కించుకుంటాది. ఈపొద్దు నేను ఆమె తలుపు కూడా మూసేసినా. ఆమెకు బస్సు కనిపించడం లేదు. ఇంట్లోనే ఉంటాది!"

అవతల కాగితాల చప్పుడు. "మునిలక్ష్మమ్మ. ఇదేనా?"

"ఫోన్ చేయండి. ఆమె ఫోనుకు మాత్రం లింకు తెరవండి. రెండూ చేయండి!"

రెండూ ఇరవై రెండుకు ఇటుకలు దాటాడు. ఇక రోడ్డు ఖాళీ. బొమ్మసంద్ర నుంచి వచ్చే వైపు ముందు నుంచీ ఖాళీయే. బస్సు 14 ఒక నిమిషం ముందే వచ్చింది.

చేతన్ స్టాపు చేరేసరికి రెండూ ముప్పై. దూరం నుంచే గుంపు కనిపించింది. ఎవరూ అరవడం లేదు. అతను స్కూటర్ అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

నీళ్ళ ట్యాంకు గోడకు ఆనుకుని ఒకడు కూర్చుని ఉన్నాడు. టీ కొట్టు మనుషులు ఇద్దరు వాడి చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. వాడు పెనుగులాడటం లేదు. పెళ్ళి భోజనానికి పిలుపు కోసం చూస్తున్నట్టు కూర్చున్నాడు. రోడ్డు మీద స్టీలు డబ్బా ఒకటి మూత ఊడి పడి ఉంది. దాని పక్కన చెప్పు, ఒక్కటే.

"ఇప్పుడే ఆటోలో తీసుకోని పోయిరి," ఎవరో చెప్పారు. "ఆ పిల్ల దిగి, ఇట్లా అట్లా చూసె. ఆటో కోసరం చూసిందేమో. వీడు ట్యాంకు చాటు నుంచి వచ్చె. రెండు నిమిషాలు, అంతే. అప్పుడొచ్చె ఆ ఆటో."

రెండు నిమిషాలు.

ఆసుపత్రిలో బల్ల మీద మునిలక్ష్మమ్మ కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. లేతాకుపచ్చ చీర ముందు భాగమంతా నల్లబడింది. చేతిలో పాత ఫోను. దాని అద్దం పగిలితే అంటించిన టేపు మీద కూడా రక్తం. మరిది తలుపు దగ్గర నిలబడి గోడకేసి చూస్తున్నాడు.

చేతన్ ఆమె ముందు నిలబడ్డాడు. ఏమని పిలవాలో తెలియలేదు.

"నువ్వెవరప్పా? పోలీసా?"

"కాదమ్మా. బస్సు లింకు కంపెనీ."

ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. అతను కూర్చోలేదు.

"రెండు తూర్లు నొక్కితి," అంది ఆమె. "చెల్లదు అనె. ఈపొద్దు బస్సు లేటేమో అనుకుంటి. ఇదో, వీణ్ణి ఒక బాడుగ చూసుకోని రాపో అని నేనే పంపిస్తి. మీవాళ్ళు పోన్ చేసినాక వాడొచ్చి, నేనెక్కి, పోయేలోపల..." ఆమె చెయ్యి గాలిలో ఎగిరి ఒళ్ళో పడింది. "ఏడు నెలలు ఆ పిల్ల కాలు నేలమీద పెట్టనీలేదప్పా నేను. బస్సు మెట్టు నుంచి ఆటో మెట్టుకే."

"నేనే మూసేసినానమ్మా."

"ఏంది?"

"మీ లింకు. వాడు చూస్తా ఉంటే వాణ్ణి ఆపాలని మూసేసినా. మీరూ అదే దావలో వస్తారని మర్చిపోతి."

ఆమె తల ఎత్తి అతణ్ణి చూసింది.

"గొంతు ఎక్కడో విన్నట్టుండాది. ఆ పొద్దు పోన్లో మాట్లాడింది నువ్వేనా? సాయంత్రానికి సరిచేస్తానన్నోడు?"

అతను తల ఊపాడు.

"చేసినావు," అంది ఆమె. "చెప్పినట్టే చేసినావు. మా మరిదితో అంటిని, ఎవరో గానీ మాట మీద నిలబడే పిల్లోడు అని."

లోపలి నుంచి డాక్టర్ వచ్చాడు. మాస్కు కిందకు లాగి, మరిది భుజం మీద చెయ్యి వేశాడు. మరిది అక్కడే నేల మీద కూలబడ్డాడు.

మునిలక్ష్మమ్మ ఏడవలేదు. అలవాటు ప్రకారం ఫోనును కొంగుతో తుడిచింది. పొద్దున రాధిక పంపిన మెసేజ్ ఇంకా పైనే ఉంది. బొటనవేలితో లింకును నొక్కింది. ఆమె ఒక్కదాని ఫోనుకు శామ్యూల్ తెరిచిన తలుపు, ఇప్పుడు తెరుచుకుంది.

"వచ్చింది చూడు," అని ఫోను అతని చేతికిచ్చింది. "కండ్లద్దాలు ఇంట్లో పెట్టి పరిగెత్తితి. ఏం రాసుండాది, చదువప్పా."

ఆ వాక్యం కూడా చేతన్ రాసిందే. మూడేళ్ళ కిందట ఏ మాట పెడితే తల్లుల మనసు కుదుటపడుతుందా అని ఒక పూటంతా ఆలోచించి రాశాడు.

ఆమె ఎదురుచూస్తోంది.

"రాధిక, బస్సు పద్నాలుగు," అతను చదివాడు. "రెండూ ఇరవై నాలుగుకు క్షేమంగా దిగారు."