ఆపి ఉంచిన ఉత్తరాలు

పద్నాలుగు నెలలపాటు ప్రపంచం చుట్టి ఇంటికి వస్తున్నాం. ఇంకో గంటన్నరలో మా స్టేషన్. ఎదురెదురు సీట్లలో నలుగురం కూర్చున్నాం, అటు నాన్న, నాయనమ్మ, ఇటు అమ్మ, నేను. మా కాళ్ళ మధ్య నాలుగు పెట్టెలు. అన్నిటిమీదా తెల్లరంగుతో పదిహేడు అని రాసి ఉంటుంది. అది తపాలా ఆఫీసులో నాన్న నంబరు. పెట్టెలమీద మన పేరు రాసుకుందాం నాన్నా అంటే వినలేదు. పేర్లు చాలామందికి ఉంటాయట, పదిహేడు మాత్రం ఆయనొక్కడేనట.

ముప్ఫై మూడేళ్ళు ఆయన ఉత్తరాలు సార్టింగ్ చేశాడు. ఎక్కడెక్కడి ఊళ్ళ పేర్లో రోజూ చేతిలోంచి జారిపోతుంటే, అవి నిజంగా ఉన్నాయో లేవో ఒక్కసారి కళ్ళారా చూడాలని కోరిక. ఉద్యోగం అయిపోయిన మూడోరోజునే మమ్మల్నందర్నీ బయల్దేరదీశాడు. నేను కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే పని మానేసి వచ్చాను. అమ్మ బట్టల కొట్టు వెనకగదిలో తన మిషనుకి గుడ్డ కప్పి వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళ నాయనమ్మని ఎవరి దగ్గరా వదల్లేక వెంట తీసుకొచ్చాం. దారిపొడుగునా ఆవిడ సణుగుడు చెవిలో జోరీగలా ఉండేది.

"భూమి గుండ్రంగా ఉందని నాకు చిన్నప్పుడే చెప్పార్రా. అది చూపించడానికి నా మోకాళ్ళు అరగదీయాలా?" అంది ఆ పూట కూడా.

"ఇంకొంచెంసేపే అత్తయ్యా," అంది అమ్మ. నారింజపండు ఒలిచి తొనలు ఆవిడ చేతిలో పెడుతోంది. ఎడమచెయ్యి పక్కకి ఆనించుకుని, కుడిచేత్తోనే ఒలుస్తోంది.

ఆ ఎడమచెయ్యి సంగతి నాకు తెలుసు. నాన్నకి తెలీదు. బయల్దేరడానికి పాతిక రోజుల ముందు అమ్మ చంక కింద శనగగింజంత గడ్డ కనబడింది. నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. సూదితో ఏదో లాగి పరీక్షకి పంపారు. ఫోన్ నంబరు రాయమంటే అమ్మ రాయలేదు. మా ఇంట్లో ఫోనెత్తేది నాన్నే. ఆయనకి తెలిస్తే ప్రయాణం మానేస్తాడు. మానేసి ఊరుకుంటాడా, బతికున్నన్నాళ్ళూ మానేశానని చెప్తాడు.

"ఉత్తరం వెయ్యండి చాలు," అంది అమ్మ కౌంటర్లో. "మా ఇంటికి ఉత్తరం తప్పిపోయే ప్రసక్తే లేదు."

"సరే, ఏమైనా ఉంటేనే వేస్తాం. పదిహేను రోజుల్లో రాలేదంటే ఏమీ లేదని అనుకోండి," అందా కౌంటరు ఆవిడ.

ఆ పదిహేను రోజులూ నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గుమ్మం దగ్గరే తచ్చాడాను. రాలేదు. ఇరవై రోజులు దాటాయి. రాలేదు. బయల్దేరే రోజు పొద్దున అమ్మ వంటింట్లో నా బుగ్గ గిల్లి, "చూశావా, అనవసరంగా హడలిపోయాం," అంది. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. తెలుగు మాట ఎవరికీ అర్థంకాని ఊళ్ళలో కూడా ఆ నవ్వు గుర్తొచ్చి నాకు ధైర్యంగా ఉండేది.

తర్వాత తొమ్మిదో నెలలోనో ఎప్పుడో ఒక హోటల్ గదిలో అమ్మ జాకెట్టు కుట్లు విప్పుతూ కనబడింది. ఎడమ చంక దగ్గర మాత్రమే వదులు చేస్తోంది. కుట్టుపని చేసే మనిషి, కొలత తప్పదు.

"అదేంటమ్మా, ఒకపక్కే?"

"లావయ్యాను."

"ఒకపక్కేనా? చూపించు."

"ఉత్తరం రాలేదుగా," అంది, దారం కొరుకుతూ.

నేను ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఊరుకోవాలనే ఉంది. మర్నాడు మంచుకొండ ఎక్కే తీగబండికి టికెట్లు తీసుకున్నాం, దాని గొడవలో పడిపోయాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రైల్లో టికెట్లు చూసే అతను వచ్చాడు. నాన్నకి మనిషి దొరికితే చాలు. ఎక్కడెక్కడ తిరిగామో మొదట్నుంచీ మొదలుపెట్టాడు. పాపం అతను మర్యాదస్తుడు, నిలబడి విన్నాడు. చివరికి, "ఇన్నాళ్ళు ఇల్లు తాళం వేసి ఉంటే మీకొచ్చే ఉత్తరాలవీ ఏమవుతాయి సార్?" అనడిగాడు. ఇంకేముంది, నాన్న సీట్లోంచి ముందుకి జరిగి కూర్చున్నాడు.

"అన్నీ ఆపించేశాను. మా ఆఫీసులోనే ఒక గూట్లో పడుంటాయి. ఒక్కో ఉత్తరం వెనక తేదీ, గూట్లో వేసిన ఉద్యోగి నంబరు ముద్ర కొట్టి మరీ పెడతారు. ఒక్కటి పోదు."

"భలే ఏర్పాటండీ."

"అందరిలా కాగితం రాసిచ్చి వెళ్ళిపోయే రకం కాదండీ నేను. పరీక్ష పెట్టి చూసుకోవద్దూ? అందుకే బయల్దేరడానికి నెలముందే ఆపించేశాను. ఆ నెల నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను. మా ఇంటి ఉత్తరాలు నేనే తీసి గూట్లో పడేశాను. నెలంతా చిన్న కాగితం ముక్క మా గుమ్మం తొక్కితే ఒట్టు. మా ఆవిడక్కూడా చెప్పలేదు, చెప్తే పరీక్షెలా అవుతుంది?"

"ఎవరు రాశారో చూడాలనిపించలేదా సార్?"

"ఎవరికి అన్నదే మేం చూస్తాం. ఎవరి నుంచి అన్నది చూడకూడదు. అది మన పని కాదు."

అతను నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నెలంతా మా ఇంటికి కరెంటు బిల్లు కూడా రాలేదన్న సంగతి నాకెందుకు తట్టలేదు? పెట్టెలు సర్దుకుంటూ, ఉత్తరం రాకపోవడమే పండగలా మురిసిపోయాం. నాన్నని పట్టుకుని కుదిపెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఆయన మాత్రం ఎదురు సీట్లో, పని నిక్షేపంగా చేసినవాడి మొహంతో కిటికీలోంచి చూస్తున్నాడు.

అమ్మ వైపు తిరిగాను. వినేసింది. ఒలిచిన పండు అలాగే ఒళ్ళో ఉంది.

"ఉత్తరం ఉండకపోవచ్చమ్మా," అన్నాను మెల్లగా.

"ఉండకపోవచ్చు," అంది. ఆ పండు పక్కన పెట్టి, "మీ నాన్న గబగబా తీసేస్తాడు. నువ్వు ముందు చూసి నాకివ్వు. ఆయనకి నేను చెప్పుకుంటాను," అంది.

"ఏవిటా గుసగుసలు?" అంది నాయనమ్మ. "నాకు చెప్తే అరిగిపోతారా?"

"ఇంటికెళ్ళాక పొయ్యి వెలిగించాలి కదా అత్తయ్యా, ఏం వండాలా అని."

తపాలా ఆఫీసు స్టేషనుకి ఎదురుగానే ఉంటుంది. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని సాయంత్రం వద్దామని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నేనొక్కదాన్నే వెళ్ళి తెస్తానన్నాను. నాన్న చక్రం ఊడిన పెట్టెని ఈడ్చుకుంటూ అప్పటికే రోడ్డు సగం దాటేశాడు. నాయనమ్మని బయట బల్లమీద పెట్టెలకి కాపలా కూర్చోబెట్టి మేం లోపలికి వెళ్ళాం.

పొడుగాటి హాలు. గోడనిండా చెక్క గూళ్ళు, మధ్యలో అరిగిపోయిన బల్లలు, జిగురు వాసన. తాళాలాయన లేచి వచ్చాడు. బీరువాల తాళంచెవులన్నీ ఆయన నడుముకే వేలాడుతుంటాయి కాబట్టి ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు.

"గురువుగారూ, నల్లబడిపోయారు. భూమి అంతా ఉందా, ఎక్కడైనా చిరిగిందా?"

"ఉందయ్యా. అడ్రసులన్నీ కరెక్టే."

తాళాలాయన గోనెసంచి తెచ్చి నాన్న పాత బల్లమీదే కుమ్మరించాడు. నేను చెయ్యి చాపేలోగా నాన్న చొక్కా చేతులు మడిచేశాడు.

"ఇంటికెళ్ళి చూద్దాం నాన్నా. నాయనమ్మ ఎండలో కూర్చుంది."

"రెండు నిమిషాలు. చేతులు మర్చిపోయాయో లేదో చూడనీ."

మర్చిపోలేదు. పేకముక్కలు పంచినట్టు పంచుతున్నాడు. తనకొకటి, నాయనమ్మ పెన్షనుది అటు, నాకొకటి, మళ్ళీ తనకి. చూపు చిరునామా మీద పడుతుంది, ఆ క్షణమే కవరు వెళ్ళి దాని కుప్పలో పడుతుంది. తాళాలాయన "అబ్బో" అంటున్నాడు. పక్కబల్లల వాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. అమ్మ కుప్పలో మొదట ఏదో గుడ్డల కంపెనీ కాగితం పడింది. తర్వాత పక్కన ఆకుపచ్చ గీత ఉన్న కవరు పడింది.

ఆ గీత నాకు తెలుసు. కౌంటర్లో అలాంటి కవర్లు దొంతరగా ఉండటం చూశాను. దాన్ని లాక్కోబోయాను. ఇంతలో దానిమీద రెండోది పడింది. నాన్న ఆగలేదు. తనకొకటి, నాకొకటి, అమ్మకి మూడోది. నాలుగోదానికి చెయ్యి గాల్లో నిలిచిపోయింది.

ముప్ఫై మూడేళ్ళలో మొదటిసారి కాబోలు, కవరు తిప్పి ఎవరి నుంచో చదివాడు.

"నీకు ఆస్పత్రి నుంచి నాలుగు ఉత్తరాలేంటి?" అన్నాడు అమ్మతో.

అమ్మ నావైపు చూసింది. "చదువు. నీకే అలవాటు వాళ్ళ మాటలు," అంది.

తేదీల వరసలో పెట్టి చించాను. మొదటిది మేం బయల్దేరడానికి పద్దెనిమిది రోజుల ముందుది. పరీక్షలో కేన్సరు తేలిందని, ఇంకా చిన్నగానే ఉంది కాబట్టి ఆ వారంలోనే వచ్చి చేరమని రాశారు. రెండోదాంట్లో అదే మాట, కింద గీత గీసి. మూడోదానిమీద ఎవరో ఎర్రసిరాతో, దయచేసి రండి అని చేత్తో రాశారు. నాలుగోది పది నెలల కిందటిది. మూడు ఉత్తరాలకీ జవాబు రాలేదు కాబట్టి మీరు వేరేచోట వైద్యం చేయించుకుంటున్నారని అనుకుంటున్నామని, మీ ఫైలు మూసేస్తున్నామని అందులో ఉంది. ఆ ఎర్రసిరా మాట కూడా చదివాను, అమ్మ అడిగింది కాబట్టి.

తాళాలాయన మెల్లగా అవతలికి వెళ్ళిపోయాడు. పక్కబల్లల వాళ్ళు తలలు దించుకుని పనిలో పడ్డారు.

నాన్న ఉత్తరాలు చదవలేదు. ఖాళీ కవరు, మొదటిది, నా చేతిలోంచి తీసుకుని వెనక్కి తిప్పాడు. ముద్ర చాలా శుభ్రంగా ఉంది. తేదీ, దాని కింద పదిహేడు. ఆయన బొటనవేలితో ఆ అంకె మీద రుద్దాడు, చెరుపుతున్నట్టు. తర్వాత అమ్మ ఎడమ భుజం వైపు చూశాడు. పద్నాలుగు నెలలు పక్కన నడిచిన మనిషి, అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"మీరు మానేస్తారని."

"మానేసేవాణ్ణి."

"అందుకే."

నాకు ఇద్దరిమీదా ఒళ్ళు మండింది. ఒకరికొకరు మంచి చేద్దామనుకుని ఇంత పని చేశారు. మధ్యలో నేనున్నాను, అన్నీ తెలిసి నోరు మూసుకుని. నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. అక్కడే నిలబడి ఏడ్చేశాను. అమ్మ నా ముక్కు తుడిచి, "ఆస్పత్రి ఐదింటిదాకా ఉంటుంది, పదండి," అంది. నాన్న ఆ కవరు జేబులో పెట్టుకుని, మిగతా ఉత్తరాలు బల్లమీదే వదిలేశాడు. పంచనివీ పంచినవీ అన్నీ అలాగే.

బయట నాయనమ్మ బల్లమీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటోంది.

"ఇల్లు అటు కదరా, ఇటు తిరిగారేం?" అంది.

"ఇంకో చోటు మిగిలిపోయిందమ్మా," అన్నాడు నాన్న.

ఆవిడ తిట్టబోయి, కొడుకు మొహం చూసి మానేసింది. లేచి, తన పెట్టె తనే పట్టుకుంది. ప్రయాణం మొత్తంమీద ఆవిడ తన పెట్టె మోసింది అదొక్కసారే.

ఆస్పత్రిలో ఆకుపచ్చ గీత కవర్లు అదే చోట, అదే దొంతరలో ఉన్నాయి. డాక్టరమ్మ అమ్మని లోపలికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. నేనూ వెళ్ళాను. శనగగింజంతది ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. చంకలోనే కాకుండా మెడ పక్కన కూడా తగిలింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అప్పుడే వచ్చి ఉంటే చిన్న ఆపరేషనుతో పోయేదమ్మా. ఇప్పుడు నెలలు పొడిగించగలమేమో చూస్తాం. అంతకంటే నేను మాటివ్వలేను."

అమ్మ తల ఊపింది. జాకెట్టు వేసుకుంటూ, వదులు చేసిన కుట్టు దగ్గర గుడ్డ సరిచేసుకుంది. "ఊళ్ళు మాత్రం బాగున్నాయే," అంది నాతో.

మూసిన ఫైలు మళ్ళీ తెరవాలంటే కౌంటర్లో కాగితం నింపాలి. అక్కడున్న ఆవిడ కొత్తది, చిన్నపిల్ల. పాత ఫైలు తెచ్చి దుమ్ము దులిపి, తిప్పి చూసింది.

"నాలుగు ఉత్తరాలు వేశాం కదండీ. జవాబు రాలేదని రాసుంది. ఎందుకు రాలేదో ఇక్కడ కారణం రాయాలి. ఉత్తరాలు అందలేదా?"

"అందలేదమ్మా," అంది అమ్మ వెంటనే. నాన్న చెయ్యి పట్టుకుంది కూడా, ఆయన నోరు తెరవకుండా. "ఊళ్ళో లేం. అందలేదని రాసుకో."

నాన్న ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. జేబులోంచి కవరు తీసి, ముద్ర ఉన్న వైపు పైకి వచ్చేలా కౌంటరు మీద పెట్టాడు.

"అందాయమ్మా," అన్నాడు. "నాకే అందాయి."

ఆ పిల్ల ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆ గడిలో అందాయి అని రాసుకుంది.