చోక్ బిగుసుకుంది

కూతురికీ అతనికీ విడాకులై నాలుగు నెలలు. అయినా మాజీ అల్లుడు పొద్దున్నే తన ఎర్రటి పాత స్పోర్ట్స్ కారును ట్రక్కు వెనక కట్టించి తెచ్చి, అత్తగారి మెకానిక్ షెడ్డు ముందు ఆపించాడు. రాక తప్పలేదు. అంత పాత కార్బొరేటర్ల మీద చెయ్యి వేసేవాళ్లు ఊళ్లో ఆవిడ తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

"చోక్ రావట్లేదు. పొద్దున చల్లగా ఉంటే స్టార్టే అవ్వదు. కిందటేడు ఆ కేబుల్ వేసింది మీరే," అన్నాడు, పలకరింపైనా లేకుండా.

ఇన్నేళ్లూ "మీరు, బాబుగారూ" అన్న నోటితోనే ఆవిడ, "బానెట్ ఎత్తు," అంది.

డాష్‌బోర్డు మీద, చల్లటి ఇంజను అందుకోవడానికి లాగే చోక్ నాబ్ నిండా గాట్లు.

"కటింగ్ ప్లేయర్‌తో లాగావా?"

"చేత్తో రాకపోతే ఏం చెయ్యను? నోటితో లాగనా?"

"ఆ నోటికి వేరే పనులున్నాయిగా."

ఆవిడ కార్బొరేటర్ దగ్గర కేబుల్‌ను పట్టి ఉంచే స్క్రూ వదులు చేసి, అక్కడి మీటను వేలితో తోసింది. తేలిగ్గా కదిలింది. అంటే బిగుతంతా కేబుల్లోనే. అతని మొహం వెలిగింది.

"చెప్పానా? మీ పనే!"

ఆవిడ డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరి టార్చి వేసింది. కొత్తగా పెట్టించిన పాటల పెట్టె వెనక కేబుల్ మోచెయ్యిలా మడతపడి ఉంది.

"వంగి చూడు. ఇది నా పనేనా?"

అతను చూశాడు. "అది వాడెవడో బిగించాడు."

"నీకెప్పుడూ ఎవడో ఒకడు దొరుకుతాడు."

అదృష్టం కొద్దీ పైతొడుగు చితకలేదు. ఆవిడ నాబ్‌తో సహా లోపలి తీగను బయటికి లాగి, ఎమెరీ కాగితంతో తుప్పు గీకింది. తీగ కొస వేలిలో దిగబడింది. నెత్తురు ప్యాంటుకు తుడుచుకుని, తొడుగులోకి నూనె వదిలి, పెట్టెకు దూరంగా కేబుల్‌ను పెద్ద వంపుగా తిప్పి, తీగను మళ్లీ దూర్చి, కార్బొరేటర్ దగ్గర స్క్రూ బిగించింది.

"లాగు."

రెండు వేళ్లకే నాబ్ వచ్చేసింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఆ చప్పుడుకు ఆవిడకు ప్రాణం లేచివచ్చింది. అతని ఎదుట సంతోషపడినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

తలుపు వేసుకోబోతూ అతను, "తను ఎలా ఉంది?" అన్నాడు.

"ఇంజను వేడెక్కాక నాబ్ లోపలికి నొక్కు. మళ్లీ ఇటు రాకు."

అతను థాంక్స్ అయినా చెప్పకుండా, విసురుగా గేరు వేసి వెళ్లిపోయాడు.

చేతులు కడుక్కుని ఆవిడ కూతురికి ఫోన్ చేసింది.

"వచ్చాడే వాడు. కారు బాగుచేయించుకుపోయాడు."

"నా గురించి అడిగాడా?"

"అడిగాడు. నేనేం చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు? నిక్షేపంగా ఉందని, ప్రమోషన్ వచ్చిందని మొహాన కొట్టినట్టు చెప్పొద్దూ! కారు మీదున్న శ్రద్ధ నా మీద ఎప్పుడుందిలే నీకు?"

ఫోన్ కట్టయింది. ఆవిడ మళ్లీ చేసింది. కూతురు ఎత్తలేదు. మూడోసారి చేయబోయి మానుకుని, వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటూ స్టూలు మీద కూర్చుండిపోయింది.