మూడు సైకిళ్ళు, ఒకే గుట్ట

గొడుగు కొనడానికే నెల రోజులు నాన్చిన మనిషి సైకిలు విషయంలో తొందరపడతాడని ఎవరూ ఆశపడలేదు. ఆయన నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తాడు. ఈ సీసాలో నీళ్ళకీ ఆ సీసాలో నీళ్ళకీ తేడా ఏమిటో చెప్పడమే ఉద్యోగం కాబట్టి, ఇంటికొచ్చినా ఆ చూపు మారదు. టూత్‌పేస్టు కొనాలన్నా నాలుగు డబ్బాలు వరసగా నిలబెట్టి వాటి వెనక ఉన్న చీమల్లాంటి అక్షరాలన్నీ చదవాల్సిందే. ఆయన తమ్ముడు ‘పోలికల మాస్టారు’ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఇంటిల్లిపాదికీ నచ్చింది, ఆయనకు తప్ప.

ఇప్పుడు మాస్టారు భార్యకు సైకిలు కొనాలి. మామూలు సైకిలు కాదు, ఎండ్యూరెన్స్ రోడ్ బైకు. అంటే సన్నటి చక్రాలతో రోడ్డు మీద దూసుకుపోయేదే, కానీ రేసు సైకిలులా మనిషిని రెండుగా మడిచేయదు. హ్యాండిలు కాస్త ఎత్తుగా, టైర్లు కాస్త లావుగా ఉండి, పొద్దస్తమానం తొక్కినా నడుము మనదేనన్న భరోసా ఇస్తుంది. ఇందులో ఎన్ని రకాలున్నాయో అన్నీ ఆయన ఒక పెద్ద కాగితం మీద గళ్ళు గీసి వేశాడు. అడ్డంగా కొత్తవాళ్ళు, అలవాటైనవాళ్ళు, ఆరితేరినవాళ్ళు. నిలువుగా చవక, మధ్యరకం, ఇంట్లో చెప్పకుండా కొనుక్కునే రకం. ఆ కాగితం భోజనాల బల్లంతా ఆక్రమించుకోవడంతో పది రోజులుగా ఇద్దరూ కంచాలు ఒళ్ళో పెట్టుకునే తింటున్నారు.

ఆమె మాత్రం ఆ కాగితం వంక కన్నెత్తి చూడలేదు. ఆమె పని కట్టుడు పళ్ళు చేయడం. దంతవైద్యుడి గది వెనకాల చిన్న గదిలో, ఎవరెవరి నోటి అచ్చులో ముందేసుకుని, మైనం కరిగించి, పన్ను పక్కన పన్ను పేరుస్తుంది. ఎంత గొప్ప సెట్టయినా నోట్లో కుదరకపోతే మూడో రోజుకి గ్లాసులో తేలుతుందని ఆమెకు బాగా తెలుసు. అందుకే సైకిలు సంగతి ఎక్కి చూశాక మాట్లాడదాం అనుకుంది. అసలు ఆమె బెంగ సైకిలు గురించి కానే కాదు.

కిందటేడు కూతురు చదువుకోసం హాస్టల్లో చేరింది. ఆ పిల్ల వెళ్ళాక గానీ తెలియలేదు, ఇంట్లో మాటలన్నీ ఆ పిల్ల మీదుగానే నడిచేవని. మొగుడూ పెళ్ళాం మిగిలారు. పాలు అయిపోయాయి, గ్యాసు వచ్చింది, ఫ్యానుకి దుమ్ము పట్టింది. అంతకు మించి మాట పెరగడం లేదు. ఆదివారం పొద్దున్నే ఆయన సైకిలేసుకుని వెళ్ళిపోయేవాడు. ఒకరోజు ఆమె నేనూ వస్తానంది. ఎందుకొస్తావని ఆయన అడగలేదు. పక్కపక్కన తొక్కుకుంటూ కబుర్లు చెప్పుకోవచ్చన్నది ఆమె ఆశ. మోకాళ్ళకి మంచిదని వస్తోందన్నది ఆయన అంచనా.

ఆ ఆశ మొదటి ఆదివారమే గల్లంతయింది. ఆయన రివ్వున ముందుకు పోయేవాడు. ఎక్కడో ఎత్తు మీద ఆగి, నీళ్ళు తాగి, మొహం తుడుచుకుని తీరిగ్గా నిలబడేవాడు. ఆమె చచ్చీ చెడీ అక్కడికి చేరి ఒక కాలు నేల మీద పెట్టగానే, “వచ్చావా? పద” అనేవాడు. ఆయన సేద తీరాడు కాబట్టి ఇద్దరూ బయల్దేరాలి. ఇదెక్కడి న్యాయమో ఆమెకు అర్థమయ్యేది కాదు. ఏడాది పొడుగునా ఆదివారాలు ఆమె విన్నదల్లా ఆ రెండు ముక్కలే.

“నీ తప్పు కాదు, నీ సైకిలు బరువు. మంచిది కొంటే నాతో సమానంగా వచ్చేస్తావు” అని ఆయనే తేల్చాడు. దానికే ఈ గళ్ళూ గీతలూ. ఆమె మాత్రం లోలోపల ఇంకోటి తేల్చుకుంది. ఈ ఆదివారం కూడా ఇదే తంతయితే సైకిలూ వద్దు, ఏమీ వద్దని చెప్పేస్తుంది. చెప్పడం తేలికే. ఆ తర్వాత ఆదివారం కూడా మిగతా రోజుల్లో కలిసిపోతుందని తలచుకుంటేనే గుబులుగా ఉంది.

సైకిళ్ళ దుకాణం మరిదిదే. ఆదివారం తెల్లవారగానే మూడు సైకిళ్ళు వ్యానులో వేసుకుని ఊరి చివర, వాళ్ళు ప్రతి ఆదివారం ఎక్కే గుట్ట కిందికి తెచ్చాడు. గుట్ట మీద నీళ్ళ ట్యాంకు ఉంది. ట్యాంకు దాకా మెలికలు తిరిగిన రోడ్డు, రోడ్డంతా ఖాళీ.

“వదినా, ముందే చెప్తున్నా. నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, మొహమాటపడకు. అన్నయ్య ఈ మూడింటి గురించి నాకు చేసిన ఫోన్లకి నా చెవి వాచిపోయింది” అన్నాడు మరిది.

“నీకు చెవే కదా నాయనా. నాకు బల్లే పోయింది” అంది ఆమె.

మాస్టారు ఇవేం వినిపించుకునే స్థితిలో లేడు. మూడు సీట్లూ టేపుతో కొలిచి ఒకే ఎత్తుకి తెచ్చాడు. మూడు జతల టైర్లలో గాలి నొక్కి చూశాడు. మూడు సైకిళ్ళ మీదా ఆమె ఇదే గుట్ట ఎక్కాలి. తను తన సొంత సైకిలు మీద పక్కనే ఉండి గమనిస్తాడు. ‘పక్కనే’ అన్న మాట వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

మొదటిది అల్యూమినియంది. చవకరకంలో మంచిదని, కొత్తవాళ్ళకి దీనికి మించింది లేదని మరిది చెప్పాడు. నిజంగానే అది బుద్ధిమంతురాలు. హ్యాండిలు చేతికి అందింది, బ్రేకు పట్టగానే ఆగింది. కాకపోతే రోడ్డు మీద ఏ చిన్న గతుకున్నా ఆ సమాచారం వెంటనే మణికట్టుకి చేరవేసింది. ఎత్తు మొదలవగానే ఆమె గేర్లు తగ్గించుకుంటూ పోయింది. అన్నీ అయిపోయాయి, ఎత్తు మాత్రం అయిపోలేదు. ‘పక్కనే’ ఉన్న మనిషి రెండో మలుపులో కనుమరుగయ్యాడు. ఆమె ట్యాంకు దగ్గరికి చేరేసరికి గోడకానుకుని, చేతులు కట్టుకుని, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

“వచ్చావా? పద. మణికట్టు నొప్పి పుట్టిందా? అనుకున్నాను” అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. నొప్పి అని మనసులో అనుకునేవాడు పక్కనుండి అడగొచ్చు కదా!

రెండోది మధ్యరకం. ఫ్రేము కార్బన్‌ది, టైర్లు ఇంకాస్త లావు, వెనక గేర్ల చక్రం విస్తరాకంత. గతుకులొస్తే అవి వచ్చాయని తెలిసిందే తప్ప ఎముకల దాకా రాలేదు. ఎత్తు మీద ఇక గేరు లేదనుకున్నప్పుడల్లా ఇంకోటి మిగిలి ఉంది. నెమ్మదిగానే అయినా గొణగకుండా ఎక్కింది. కట్టుడు పళ్ళ సెట్టు నోట్లో పెట్టగానే, ఇది కుదిరింది అని ఆ మనిషి మొహంలోనే తెలిసిపోతుంది. ఇప్పుడు తన మొహం అలాగే ఉండి ఉంటుందని ఆమెకు అనిపించింది. ఈసారి ఆయన వీపు మూడో మలుపు దాకా కనిపిస్తూనే ఉంది. అక్కడ ఆయన వెనక్కి తిరిగి చూశాడు. చూసి, సీటు మీంచి లేచి నిలబడి మరీ తొక్కాడు.

ఆమె తెల్లబోయింది. దగ్గరపడ్డానని చూశాక కూడా వేగం పెంచడమేమిటి? పైన మళ్ళీ అదే గోడ, అవే కట్టుకున్న చేతులు. “వచ్చావా? పద.” మొహం మాత్రం కాస్త ఎర్రగా ఉంది. ఎండ అనుకుంది.

మూడోదాని ధర చెప్పడానికి మరిది గొంతు తగ్గించాడు. వేలు తగిలిస్తే చాలు, జుయ్యిమని గేరు దానంతటదే మారుతుంది. సీటు కింద అదురు మింగేసే ఏర్పాటేదో ఉంది. బరువా, రెండు వేళ్ళతో లేపొచ్చు. “ఆరితేరినవాళ్ళకి వదినా. మిగతావాళ్ళు కొంటారంతే, తొక్కేది ఆరితేరినవాళ్ళే” అన్నాడు.

ఆమె ఎక్కింది. ఒక్క తొక్కు తొక్కేసరికి అది ముందుకు దూకింది. రెండో మలుపు ఎప్పుడు దాటిందో ఆమెకే తెలియలేదు. ముందున్న వీపు దగ్గరపడింది. ఆయన వెనక్కి చూశాడు, భుజాలు ఎగరేసుకుంటూ తొక్కాడు. మళ్ళీ చూశాడు, మళ్ళీ తొక్కాడు. ఆమెకు పంతం వచ్చింది. ఇంత దూరం వచ్చాక వదులుతానా అనుకుని పళ్ళు బిగించింది. చివరి మలుపులో ఆయన మాయమయ్యాడు, ఆ వెనకే ఆమె కూడా తిరిగింది.

ట్యాంకు గోడ దగ్గర కట్టుకున్న చేతులు లేవు. సైకిలు రోడ్డు పక్క పడి ఉంది, హెల్మెట్టు ఇంకోచోట ఉంది. మాస్టారు నేల మీద చతికిలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, కొలిమి తిత్తిలా రొప్పుతున్నాడు. అలికిడి విని తలెత్తాడు. మొహం కందగడ్డలా ఉంది. గబగబా హెల్మెట్టు అందుకుని, గోడ పట్టుకుని లేవబోయాడు.

“వచ్చా... వచ్చావా? ప...” అన్నాడు. అంతకు మించి ఊపిరి లేదు.

“కూర్చోండి.”

“అబ్బే, నేను బానే...”

“కూర్చోమన్నానా!”

ఆయన కూర్చున్నాడు. ఆమె ఇంటి ఖరీదు చేసే ఆ సైకిల్ని గోడకి ఆనించి, నీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టి, పక్కనే కూలబడింది. ఏడాదిలో ఆ గుట్ట మీద ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. కింద ఊరు కనిపిస్తుందని అప్పటిదాకా ఆమెకు తెలియదు.

“ప్రతిసారీ ఇంతేనా? నేనొచ్చేలోపు ఇలా రొప్పి, మొహం తుడుచుకుని, ఫోజు పెట్టి నిలబడతారా?”

ఆయన సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. “బుధవారం సైకిలు క్లబ్బు వాళ్ళతో వస్తాను కదా” అన్నాడు చివరికి. “అందరికన్నా వెనక నేనే. నేను పైకొచ్చేసరికి వాళ్ళు నీళ్ళూ గీళ్ళూ తాగేసి రెడీగా ఉంటారు. వచ్చావా, పద, అంటారు. వాళ్ళతో వచ్చినప్పుడు నేనూ ఇక్కడ ఎప్పుడూ కూర్చోలేదు.”

“మరి ఆ బాధ తెలిసీ నాతో అదే మాట ఎలా అన్నారండీ?”

“సైక్లింగులో అలాగే అనాలి కాబోలు అనుకున్నాను.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు కోపం కూడా వచ్చింది. నీళ్ళలో పిసరంత ఉప్పు తేడా పట్టేసే మనిషికి ఈ తేడా తెలియలేదా?

“ఇంకోటి కూడా ఉందిలే” అన్నాడు ఆయన, ఊరి వైపు చూస్తూ. “వాళ్ళందరి వెనకా నేనుంటాను. నా వెనక ఉండేది నువ్వొక్కదానివే. ఇవాళ నువ్వు దాటేస్తావేమోనని ప్రాణం పోయేట్టు తొక్కాను.”

“నాకు మంచి సైకిలు కొనాలని తిరుగుతున్నది మీరే కదా!”

“కొనాలనీ ఉంది. దాటకూడదనీ ఉంది.”

ఇంత నిజం ఆయన నోటి వెంట విని ఎన్నాళ్ళయిందో! ఆమెకు కడుపు నిండినట్టయింది. తనూ దాచుకోదలచుకోలేదు.

“నేనెందుకొస్తున్నానో ఎప్పుడైనా అడిగారా?”

“మోకాళ్ళకి...”

“నా మోకాళ్ళ సంగతి అవే చూసుకుంటాయి. మీతో మాట్లాడొచ్చని వచ్చాను. అమ్మాయి వెళ్ళిన దగ్గర్నుంచీ ఇంట్లో నాకు ఊపిరాడట్లేదు. రోజంతా పళ్ళతోనే మాట్లాడుకుంటున్నాను. ఇవాళ కూడా మీరు గోడకానుకుని పద అనుంటే, ఇక మానేద్దామనుకున్నాను.”

“సైకిలా?”

“ఆదివారాలు.”

ఆయన చేతిలో మూత తిరగడం ఆగిపోయింది. తర్వాత నీళ్ళ సీసా ఆమెకిచ్చాడు. ఆమె తాగింది.

ఫోను మోగింది. గుట్ట కిందనుంచి మరిది. “అన్నయ్యా, వదిన క్షేమమేనా? నా సైకిలు క్షేమమేనా? ఏది ఖాయం?”

మాస్టారు నోరు తెరిచి, మళ్ళీ మూసి, ఫోను ఆమె చేతికిచ్చాడు. “నన్నడుగుతాడేంటి, తొక్కేది నువ్వు” అన్నాడు.

“రెండోది” అంది ఆమె.

“అదేంటి వదినా! అన్నయ్య కాగితంలో మూడోదానికే ఎక్కువ మార్కులు పడ్డాయి.”

“మూడోది బంగారం, కాదనను. కానీ నేను దాన్నెక్కితే మీ అన్నయ్య ఆస్పత్రిలో తేలతాడు. మొదటిది ఊళ్ళో తిరగడానికి హాయి, ఇంత ఎత్తుకి నా చేతులు ఓర్చుకోవు. రెండోది నాకు కుదిరింది. ఎంత నెమ్మదిగా తొక్కినా కోప్పడదు.”

కిందికి దిగి సైకిలు మార్చుకున్నారు. మిగతా రెండూ వ్యానులో ఎక్కించుకుని మరిది వెళ్ళిపోయాడు. దగ్గరి దారిన వెళ్ళొచ్చు. మాస్టారే కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి పోదామన్నాడు. బయల్దేరాక అలవాటు కొద్దీ ఆయన ముందు చక్రం రెండుసార్లు ముందుకు పోయింది. రెండుసార్లూ ఆయనే బ్రేకు నొక్కి వెనక్కి తగ్గాడు. ఇంత ఆశపడి, తీరా సమయం వచ్చేసరికి గ్యాసు గురించి మాట్లాడతానేమోనని ఆమెకు భయం వేసింది. అప్పుడు తను పళ్ళు చేసిచ్చిన ఒక పెద్దాయన గుర్తొచ్చాడు.

“మొన్న ఒకాయన వచ్చి నా మీద గయ్యిమన్నాడండీ. చేసిన పళ్ళు వారం నుంచీ నోట్లో టపటపలాడుతున్నాయట. డబ్బు వెనక్కిమ్మన్నాడు. తీసి చూద్దును కదా, అవి వాళ్ళావిడవి.”

“అంటే?”

“ఇద్దరికీ నేనే చేశాను. ఒకే షెల్ఫులో పక్కపక్కన గ్లాసులు పెట్టుకున్నారు.”

మాస్టారు పడీపడీ నవ్వాడు. సైకిలు అటూ ఇటూ వంకర్లు పోయింది. “వారం రోజులా! మరి ఆవిడ? ఆవిడేం అనలేదా?”

అంతలో వంతెన ఎత్తు వచ్చింది. ఆమె గేరు తగ్గించింది. ఆయనా తగ్గించాడు. ఇద్దరి రొప్పూ ఒకేసారి మొదలైంది.

“చెప్పు, ఆవిడేమంది?” అన్నాడు ఆయన, మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటూ.

“ఉండండి... ఊపిరి అందనివ్వండి.”

“అందనీ. నేనెక్కడికీ పోను.”