పూనకం కాదు

ఆపరేషన్ బల్ల మీద నా భార్య భూదేవి కాళ్లూ చేతులూ ఎగిరెగిరి పడ్డాయి. 2005లో, సూరత్‌లోని వడోద్‌లో మా గదికి దగ్గరి చిన్న నర్సింగ్ హోంలో. పేగు మెలిపడింది, వెంటనే కోయాలన్నారు. గుండె బలహీనం కాబట్టి గుండెకు భారం కాని మత్తు సూది ఇస్తామన్నారు. దానితో ఒళ్లు కొట్టుకోవచ్చని ఒక్కడూ చెప్పలేదు. తలుపు కూడా సరిగా వేయలేదు.

ఆ సందులోంచి భూదేవి అక్క ఎల్లవ్వ చూసింది.

“అమ్మ పూనిందిరో! కత్తి పెడితే ఊకోదు!”

నాతో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లు పది మంది లోపలికి తోసుకుపోయారు. డాక్టరు భయపడి ఆపేశాడు. భూదేవిని ఇంటికి తెచ్చి పసుపు పూశారు, వేపకొమ్మలు చుట్టూ పెట్టారు. అది కడుపు పట్టుకుని అరుస్తుంటే దండం పెట్టారు. మూడో రోజు పోయింది.

నాలుగేళ్లకు నా బిడ్డ సంధ్యారాణికి పిత్తాశయంలో రాళ్లని తేలింది. గుండె తల్లిదిలాగే బలహీనం. సూది కూడా అదేనట. ఈసారి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. మత్తు డాక్టరమ్మ కాగితం పెట్టి సంతకం అడిగింది.

“మా ఆడమనిషి ఒళ్లు కొట్టుకుంది. నా బిడ్డది కొట్టుకుంటే ఎట్ల?” అన్నాను నాకొచ్చిన హిందీలో.

ఆమె విసుక్కోలేదు. అది మూర్ఛ కాదు, ఆ మందుతో కండరాలు వాటంతటవే కొట్టుకుంటాయి, మనిషికి తెలియదు అంది. “అదే మందు ముందు చాలా కొంచెం ఇస్తాను. ఒక నిమిషం ఆగి మిగతాది ఇస్తాను. చాలామందికి కదలిక రాదు.”

“అంతేనా?”

“అంతే.”

సాంచాను ఒక్కసారిగా లాగితే పోగులు తెగుతాయని మొదటి రోజే నేర్పారు నాకు. ముందు చేత్తో చక్రం తిప్పి చూస్తాం. ఒక్క నిమిషం. భూదేవి దగ్గర ఆ నిమిషం ఎవడికీ లేకపోయింది.

“కొందరికి అప్పుడు కూడా కొంచెం వస్తుంది. వస్తే ఆపొద్దు,” అంది డాక్టరమ్మ.

సంతకం పెట్టాను. తలుపు అద్దంలోంచి చూస్తానన్నాను. ఒప్పుకుంది.

ఎల్లవ్వ వేపకొమ్మతో వచ్చింది. “మరిదీ, జర పోచమ్మకు మొక్కి...”

“నోరు మూయ్.”

స్ట్రెచర్ మీది నుంచి సంధ్యారాణి నవ్వింది. “పెద్దమ్మా, నేను సూరత్‌ల పుట్టిన. నాకు పూనితే అమ్మ గుజరాతీల మాట్లాడుతది. నీకేం సమజైతది?”

లోపలికి తోసుకుపోయారు. అద్దంలోంచి చూశాను. డాక్టరమ్మ కొంచెం మందు ఎక్కించి గడియారం చూసింది. తర్వాత మిగతాది. బిడ్డ కళ్లు మూతపడ్డాయి. కాళ్లు కదల్లేదు. ఎడమ చేతి వేళ్లు మాత్రం ఒక్కసారి అదిరాయి.

“వచ్చింది! ఆపుండ్రి!” ఎల్లవ్వ తలుపు మీదికి దూకింది.

తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టాను. ఆమె గోళ్లు దిగాయి. తీయలేదు. అద్దంలో ఆ వేళ్లు ఆగిపోయాయి.

“చూడు. ఏ అమ్మ వచ్చింది?”

అద్దానికి ముఖం ఆనించి చూసింది. “మరి... మా భూదేవిది గూడ?”

“అదీ మందే.”

కొమ్మ పక్కన పడేసి నేల మీద కూలబడి ఏడ్చింది. నీళ్లు ఇవ్వలేదు నేను. గంటన్నరకు సంధ్యారాణిని బయటికి తెచ్చారు, మూలుగుతోంది, బతికే ఉంది. ఎల్లవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని లేవబోయింది.

“అక్కడ్నే కూసో,” అన్నాను.

ఆమెను క్షమించను. కానీ ఆనాడు ఎల్లవ్వ అరిచిందంతే. భూదేవిని ఆ బల్ల మీది నుంచి ఎత్తుకొచ్చింది నేను.